గ్రామఫోను రికార్డు: పాట కొఱకా, ధ్వని కొఱకా?

గత సంవత్సరము మన పాఠశాల పూర్వవిద్యార్థుల కుటుంబమువా రొకరు తమ యింటిలోని గ్రామఫోను రికార్డులను రెండు పెట్టెల నిండ మాకు బహూకరించిరి. మొదటి పెట్టెలోనివి క్రొత్తవానివలె నిగనిగలాడుచుండెను. అవి చాలవఱకు పాశ్చాత్య నృత్యవాద్యములు. రెండవ దానిలోనివి గీతలు పడి అంచులు చిట్లిన తెలుగు పద్యములు, కృతులు. మా బీరువాలో ఒక్క పెట్టెకే చోటు కలదు. దేనిని ఉంచవలెనని మాలో వాదము పుట్టెను. ఇంట పెద్దలనాటి రికార్డులు గల తలిదండ్రులకును, నేడు మరల వానిని కొనుచున్నవారికిని ఈ ప్రశ్న ఎదురగునదే గనుక, మాకు తోచినది విన్నవించుచున్నాము.

ముందు ధ్వని సంగతి చూతము. రికార్డుపైని గాడి వెలుపలి అంచునుండి లోనికి చుట్టుకొనిపోవును. గాయకుని కంఠము కంపించిన తీరుననే ఆ గాడియు వంపులు తిరిగియుండును. ముల్లు ఆ వంపులవెంట కదలి ధ్వనిని మరల పుట్టించును. పాత రికార్డులు లక్కలో రాతిపొడి కలిపి చేసినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పది అంగుళముల రికార్డుపై ఒక ప్రక్క పట్టునది సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే. రాతిపొడి గరుకుదనమే మనము వినెడి బుసబుస. 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ వినైల్ అను ప్లాస్టిక్కుతో, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్‌ప్లే రికార్డును వెలువరించెను. దానిలో ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పట్టును, రొద తక్కువ. ధ్వనిలో లక్క దీనికి సాటి రాదు.

అయినను, ధ్వని యొక్కటే చూచి రికార్డును ఎంచుట, నేత చూడక మెఱుగు చూచి బరంపురం పట్టుచీర కొనుటవంటిది. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలో చేరినది. మన పిల్లలకు వీథిలో వినవచ్చునది ఒడియా, చదువులో ముందునకు వచ్చునది ఇంగ్లీషు. విజయనగరపు ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలును, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయముల పద్యములును ఇంట వినిపించుటకు గీతలు పడిన రికార్డైనను సాధనమే.

మేమొక పరీక్ష చేసితిమి. ఎనిమిదవ తరగతి పిల్లలకు రెండు పెట్టెలనుండియు వినిపించితిమి. మొదటిది వినినపుడు వారు యంత్రమును గూర్చి ప్రశ్నించిరి. రెండవ దానిలోని పద్యము వినగనే ఒక బాలుడు లేచి, “మా తాతగారు దీన్నే పాడుతుంటారండీ. ఆయన సొంతంగా కట్టిందనుకున్నాను,” అనెను. మఱునాడు ఆ తాతగారే వచ్చిరి. గీతవలన ముల్లు ఎగిరి రెండు మాటలు తప్పిపోయినచోట, ఆ మాటలను వారే అందించిరి. పిల్లలు కరతాళములు చేసిరి. వాదము అంతటితో ముగిసెను.

ఇట్లని ధ్వనిని తృణీకరింపరాదు. మాట వినబడనిచో పద్యమే లేదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత వంటి రికార్డులో ఉచ్చారణయే ప్రాణము. దానిని కొనునపుడు మంచి ప్రతినే వెదకవలెను. కావున ‘ఏ పాట’ అనునది మొదటి ప్రశ్న, ‘ఏ ప్రతి’ అనునది రెండవది. ఈ వరుస తాఱుమారైనచో పైన పటారము, లోన లొటారమే మిగులును.

ఇక కొన్ని జాగ్రత్తలు. 78 చుట్ల రికార్డు గాడి వెడల్పైనది. లాంగ్‌ప్లే ముల్లు దాని అడుగున ఊగి రొదను పెంచును. కనుక దానికి తగిన ముల్లునే వాడవలెను. లక్క రికార్డును స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగును. వినైల్ రికార్డు ఎండకు వంగును. రెంటిని నిలువుగా పేర్చి, మన సముద్రపుగాలి తేమ తగులనిచోట ఉంచవలెను.

మేము రెండవ పెట్టెను ఉంచుకొంటిమి. తలిదండ్రులకు మా మనవి యొక్కటే: ఇంటిలోని పాత రికార్డులను పాతసామానులవానికి ఇచ్చుటకు ముందు, ఒక సాయంకాలము పెద్దలను, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టి వినిపింపుడు. ముల్లు దాటిన మాటలను పెద్దలచేత చెప్పించి, పిల్లలచేత వ్రాయింపుడు. రికార్డు మఱియొకటి దొరకవచ్చును. ఆ మాటలను అందించు పెద్దలు ఎల్లకాలము ఉండరు.