తుఫాను సన్నాహము: ఇంటివారితో, ఇరుగుపొరుగుతో మాటతీరు

గంజాము తీరవాసులమగు మనకు తుఫాను క్రొత్తది కాదు. అయినను ముందుగా నీరు, దీపము, మందులు సమకూర్చుకొనువానిని చూచి ఇంటివారు నవ్వుటయు, పొరుగువారు పిరికివాడనుటయు కలదు. అందుపై అతడు కోపించి మాటలు మానును. నష్టము మాత్రము అందరిదియు.

1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన మహాతుఫానులో సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూరు చెంతనే తీరము దాటెను. అప్పుడు దాదాపు పది లక్షలమందిని ముందే తరలించుటచే ప్రాణనష్టము పదుల సంఖ్యకు మించలేదు. హెచ్చరిక అందుట ఒక యెత్తు, జనులు దానిని నమ్మి కదలుట మరియొక యెత్తు.

నమ్మిక భయపెట్టుటచే కలుగదు. “పోయినసారి చెప్పిరి, ఏమియు రాలేదు” అనువారి మాటలో నిజము కలదు, దానిని ఒప్పుకొనవలెను. తుఫాను సముద్రముపై దారి మార్చుకొనగలదు. కనుకనే వాతావరణశాఖవారు ఒక్క ఊరిని గాక కొంత తీరభాగమును సూచింతురు. వాన కురియని నాడు చేతి గొడుగును ఎవరును నిందింపరు గదా!

పెద్దలకు ఆజ్ఞాపించుట తగదు, అడుగుట మేలు. “అత్తయ్యగారూ, ఫైలిన్ అప్పుడు కరెంటు లేక ఎన్నాళ్లు ఇబ్బంది పడ్డామండీ? ముందుగా ఏది అయిపోయింది?” అని కోడలు అడిగినచో, సన్నాహము అత్తగారి అనుభవము నుండియే పుట్టును. వేసవిలో ఆవకాయ పెట్టి ఏడాదికి దాచు గృహిణికి నిల్వ విలువ ఒకరు నేర్పనక్కరలేదు.

చిన్న పనితో ఆరంభింపుడు. మనిషికి దినమునకు మూడు లీటర్ల త్రాగునీరు చొప్పున, ఐదుగురికి మూడు దినములకు 45 లీటర్లు కావలెను. ఇట్లు లెక్క చెప్పినచో వాదము తగ్గును. రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు నీరు చొరని సంచిలో నుంచుట పిల్లలకే అప్పగింపవచ్చును.

పొరుగువారికి మన నిల్వలు వర్ణించుటకంటె, “మీ అమ్మగారిని షెల్టరుకు చేర్చడానికి మా అబ్బాయిని పంపుతాము” అనుట మేలు. సాయము చేయువాని మాట చెవికెక్కును.

రెండింట మాత్రము మెత్తదనము కూడదు. అధికారులు ఇల్లు విడువుమన్నచో విడువవలెను. ఉద్ధృతమైన గాలి హఠాత్తుగా ఆగినచో అది తుఫాను కేంద్రము కావచ్చును. కొంతసేపటికి ఎదురుదిక్కు నుండి మరల వీచును. అప్పుడు బయటికి పోరాదు.

తుఫాను తప్పిపోయినచో సంతోషించి, పట్టిన నీరు మొక్కలకు పోయుడు. వచ్చినచో “నేను చెప్పలేదా?” అనకుడు. ఆ ఒక్కమాట అననివాని హెచ్చరికను మరుసటి యేడు ఊరు వినును.