చెంచా వచ్చాక పాలెన్ని?

దుబాయ్ కరామాలోనో, షార్జా అల్ నహ్దాలోనో ఓ తెలుగింట్లో పాపాయికి ఆరో నెల దగ్గర పడిందంటే, విజిట్ వీసా మీద అమ్మమ్మో నానమ్మో దిగడం మామూలే. సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన ఉగ్గుపిండి ఉంటుంది. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, కాస్త వాము, జీలకర్ర చేర్చి రవ్వలా పట్టించినది. అన్నప్రాశన అయిన మర్నాటి నుంచి ఇంట్లో వాదన మొదలు. "పాలు తగ్గిస్తేనే అన్నం తింటుంది" అంటుంది పెద్దావిడ. "ఏడాది నిండేదాకా పాలే ముఖ్యమని డాక్టరు చెప్పారమ్మా" అంటుంది కూతురు. ఇద్దరి మాటా నిజమే. కాకపోతే కూతురి మాట ఏడో నెలకు వర్తిస్తుంది, పెద్దావిడ మాట ఏడాది దాటాక.

లెక్కలోకి వెళ్దాం. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు రోజుకు సుమారు 615 కిలో క్యాలరీలు కావాలి. భారత్ లాంటి వర్ధమాన దేశాల్లో సగటున 413 దాకా తల్లిపాల నుంచే అందుతాయని, మిగతా 200 తిండి నుంచి రావాలని పోషకాహార నిపుణుల అంచనా. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో 65 నుంచి 70 క్యాలరీలుంటాయి గనుక, 413 అంటే దాదాపు 600 మిల్లీలీటర్లు. డబ్బాపాలు తాగే ఏడు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు బ్రిటన్ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెప్పే అంకె కూడా 600. పది నుంచి పన్నెండు నెలల మధ్య దాన్ని 400కి దించుతుంది. అంటే తిండి మొదలైన తొలి రెండు మూడు నెలలూ మూడింట రెండొంతుల శక్తి పాలదే. ఏడాది దాటాక అవసరం 894 క్యాలరీలకు పెరుగుతుంది, అందులో పాల వాటా 346కి తగ్గుతుంది. పెత్తనం చేతులు మారేది అప్పుడు. ఇవన్నీ సగటు అంకెలు. ఒక బిడ్డ ఓ రోజు 700 తాగి మర్నాడు 500తో సరిపెట్టుకుంటే కంగారు పడాల్సిందేమీ లేదు.

మరి శక్తిలో ఎక్కువ భాగం పాలే ఇస్తుంటే ఈ ఉగ్గూ చెంచా ఎందుకు? ప్రధానంగా ఇనుము కోసం. కడుపులో ఉండగా చివరి మూడు నెలల్లో బిడ్డ తల్లి నుంచి ఇనుమును దాచుకుంటుంది. ఆ నిల్వ ఆరు నెలలకు అటూ ఇటూగా అడుగంటుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకైతే ఇంకా ముందే. తల్లిపాలలో ఇనుము బాగా ఒంటబడుతుంది గానీ, లీటరుకు ఒక మిల్లీగ్రాములో దాదాపు మూడో వంతే ఉంటుంది. ఏడు నుంచి పన్నెండు నెలల బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాములు కావాలని అమెరికా ప్రమాణం. డబ్బాపాలలో ఇనుము కలిపే అమ్ముతారు. తల్లిపాల బిడ్డకు ఆ లోటు తీర్చాల్సింది చెంచానే.

అందుకే ఎన్ని చెంచాలు తిందన్న దానికన్నా చెంచాలో ఏముందన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. ఎమిరేట్స్‌లో అడుగడుగునా దొరికే ఖర్జూరం రక్తం పట్టిస్తుందని చాలామంది నమ్మకం. నూరు గ్రాముల ఖర్జూరంలో ఉండే ఇనుము దాదాపు ఒక్క మిల్లీగ్రామే, పాపాయి తినేది ఒక పండు గుజ్జు. తీపి కోసం పెట్టండి, మందనుకుని కాదు. కోడి కార్జం, మాంసం, గుడ్డు, పప్పు ఇనుముకు మేలు. కార్జంలో ఎ విటమిన్ మరీ ఎక్కువ కాబట్టి వారానికొకసారి కొంచెం చాలు. శాకాహారులు మొలకెత్తించిన రాగుల పిండి, మెత్తగా ఉడికిన పప్పు పెట్టి, రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము మెరుగ్గా ఒంటబడుతుంది. తేనె మాత్రం ఏడాది లోపు నాకించకూడదు. పసిపిల్లల పేగుల్లో బొటులిజం కలిగించే బ్యాక్టీరియా మొలకెత్తే ప్రమాదం ఉంది.

మన ఇళ్లలో జరిగే పొరపాటు పప్పుకట్టు దగ్గర. తేలిగ్గా అరుగుతుందని పలచటి కట్టో, జావో గిన్నెడు పడతారు. ఈ వయసులో పొట్ట పట్టేది ఒంటి బరువులో కిలోకు 30 మిల్లీలీటర్లు, అంటే ఎనిమిది కిలోల బిడ్డకు దాదాపు 240. అందులో సగం కట్టుతో నిండితే అంత మేర పాలు తగ్గినట్టే. పాలలో ఉన్న శక్తిలో సగం కూడా ఆ కట్టులో ఉండదు. పాలూ పోయె, తిండీ అందకపోయె! వంచితే చెంచా నుంచి జారిపోని చిక్కదనంలో, కాస్త నెయ్యి వేసి పెట్టిన రెండు మూడు చెంచాలు గిన్నెడు జావ కంటే నయం. ఎనిమిదో నెల దాకా ముందు పాలు, కాసేపాగి తిండి. తొమ్మిదో నెల నుంచి వరుస తిప్పొచ్చు.

ఎండల సంగతీ చెప్పాలి. జులైలో బయట 45 డిగ్రీలు దాటుతుంటే బిడ్డకు నీళ్లు పట్టాలనిపించడం సహజం. తల్లిపాలలో 87 శాతం నీరే. ఆరు నెలల లోపు వేరే నీళ్లు అక్కర్లేదు, ఆ తర్వాత తిండితో పాటు కప్పుతో రెండు గుక్కలు చాలు. ఇంత ఎండ ఉన్న దేశంలో పిల్లలకు డి విటమిన్ కొరవడడం మాత్రం విచిత్రమే. బతుకంతా ఏసీ గదిలో, కారులో గడిచిపోతుంటే ఎండ ఒంటికి తగిలేదెప్పుడు? రోజుకు 400 ఐయూ చుక్కలు వేయమని డాక్టర్లు రాసేది అందుకే.

పనిచేసే తల్లికి ఇక్కడ ఇంకో చిక్కుంది. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ప్రైవేటు రంగ కార్మిక చట్టం ప్రకారం ప్రసూతి సెలవు 60 రోజులు. అందులో 45 పూర్తి జీతంతో, 15 సగం జీతంతో. తిరిగి పనిలో చేరాక పాలివ్వడానికి రోజుకు గంట వరకు విరామం ఇస్తారు, అదీ ప్రసవమైన ఆరు నెలల వరకే. 1980 నాటి పాత చట్టంలో ఈ గడువు 18 నెలలు. సెలవు పెరిగింది, విరామ గడువు తరిగింది. బిడ్డ నోటికి చెంచా వచ్చే వేళకే తల్లికి చట్టమిచ్చిన గంట పోతుంది. రెండేళ్లపాటు పాలివ్వమని చెప్పే ఖురాన్‌ను అనుసరించే దేశమిది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. ఆఫీసులో పిండిన పాలు ఐసు ప్యాకులున్న సంచిలో 24 గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలేయకండి.

రొమ్ము తాగే బిడ్డ ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో ఎవరు కొలుస్తారు? తడిసిన డైపర్లు, బరువు పట్టికే సాక్ష్యం. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఆ పట్టికకు ఆరు దేశాల పిల్లలను కొలిచారు. వాటిలో భారత్ ఉంది, ఎమిరేట్స్ పొరుగునున్న ఒమన్ కూడా ఉంది. కాబట్టి "అవన్నీ తెల్లవాళ్ల లెక్కలు" అని కొట్టిపారేయలేం. దాని ప్రకారం మగబిడ్డ మధ్యస్థ బరువు ఆరో నెలకు 7.9 కిలోలు, ఏడాదికి 9.6. రెండో ఆర్నెల్లలో పెరిగేది రెండు కిలోల లోపే. తొలి ఆర్నెల్ల జోరు తగ్గిందని బెంగపడి సీసా పెద్దది చేయనక్కర్లేదు.

ఆవుపాల మీద నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. తల్లిపాలు లేని ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు డబ్బాపాలైనా పశువుల పాలైనా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అమెరికా, బ్రిటన్ పిల్లల వైద్యులు మాత్రం ఏడాది నిండేదాకా ప్రధాన పానీయంగా వద్దంటారు. ఆవుపాలలో ఇనుము తక్కువ, కొందరు పసివాళ్ల పేగుల్లో కంటికి కనిపించని రక్తస్రావమూ జరుగుతుంది. డబ్బాపాలు కొనగలిగిన ఇంట్లో రెండో మాటే పాటించమంటాను.

ఏడాది దాటాక ఆవుపాలు ఇవ్వొచ్చు, రోజుకు 350 నుంచి 500 మిల్లీలీటర్లు, కప్పుతో. పెద్దావిడ మాట వినాల్సింది ఇప్పుడే. లీటరు పాలు తాగి అన్నం ముట్టని పిల్లలు బొద్దుగా కనిపిస్తూనే రక్తహీనతలో పడతారు. సూపర్‌మార్కెట్ అరల్లో ఏడాది దాటిన పిల్లల కోసమంటూ మూడు, నాలుగు అంకెలు వేసి పెట్టిన డబ్బాలు అవసరం లేదని ఆ 2023 మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ దిర్హాములకు బోలెడు గుడ్లు వస్తాయి.