డేగవేటలో తొలి పాఠాలు

డేగవేట అనగా శిక్షణ ఇచ్చిన వేటపక్షి సాయంతో అడవి జంతువులను, పక్షులను అవి తిరిగే చోటనే వేటాడే విద్య. తెలుగులో సాళువ అను మాటకు వేటడేగ అని అర్థం ఉన్నది. సాళువ నరసింహరాయల వంశనామంలోని మాట కూడా ఇదే. 2010లో యునెస్కో ఈ విద్యను అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం డేగలను పట్టుట నేరం కనుక, ఇక్కడ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పద్ధతి వివరించబడినది.

అక్కడ కొత్తగా చేరువాడు పరీక్షలో కనీసం 80 శాతం మార్కులు పొంది, అనుభవజ్ఞుని వద్ద రెండేళ్ళు శిష్యరికం చేయవలెను. సాధారణంగా శరదృతువులో, ఏడాది నిండని ఎర్రతోక డేగను పట్టుకొని మొదలుపెడతారు. పట్టుటకు వాడే ఉరుల బోను పేరు బాల్ ఛత్రీ. అది మన దేశం నుండి వెళ్ళినదే.

'''తూకం'''

డేగ కుక్కవలె యజమాని మెప్పుకోసం పనిచేయదు. ఆకలి ఉన్నప్పుడే వస్తుంది. అందుచేత దానిని రోజూ గ్రాములలో తూచవలెను. బరువు ఎక్కువైతే చెట్టెక్కి కూర్చుని, ఎంత పిలిచినా దిగదు. మరీ తగ్గితే నీరసించి, చలిరాత్రి ప్రాణానికే ముప్పు. ఇంటి ఆవరణలో పిలిచిన ప్రతిసారీ చేతిపై వాలిన డేగ పొలంలో కాకిని చూసి దారి మళ్ళవచ్చు. చలి పెరిగిన నాడు నిన్నటి తూకం సరిపోదు. ఈ లెక్క పుస్తకంలో దొరకదు, పొలంలోనే తెలుస్తుంది.

'''పొలంలో'''

వేట మొదలైనాక మనిషి పని పొదలు కదిలించుట మాత్రమే. డేగ చెట్టు నుండి చెట్టుకు వెంట వస్తుంది. అది వెనుకబడి ఉండగా కుందేలును లేపితే అవకాశం పోయినట్లే. డేగ ఎత్తైన కొమ్మపై కుదురుకొనే దాకా ఆగవలెను. అయినా చాలా దాడులు విఫలమవుతాయి.

డేగ వేటను పట్టినప్పుడే అసలు పరీక్ష. ఉత్సాహంలో పరుగెత్తి కుందేలును లాగుకొనుట కొత్తవారి సాధారణ తప్పు. అట్లు చేస్తే డేగ మనిషిని దొంగగా భావించి, తరువాత నుండి వేటపై రెక్కలు కప్పి దాచుకుంటుంది. మెల్లగా ఎదుటనుండి వచ్చి, వంగి కూర్చుని, తొడుగు చేతిలో మాంసం చూపవలెను. అది తనంతట చేతిపైకి అడుగు వేసినాక వేటను సంచిలో దాచవచ్చు. ఉడుతల వేటలో మరో చిక్కు ఉన్నది: ఉడుత డేగ వేలిని కొరికి గాయపరుస్తుంది.

అన్నిటికన్న పెద్ద భయం డేగ తప్పిపోవుట. కాలి తోలు పట్టీలకు చివర చీలిక ఉంటే అది కొమ్మకు తగులుకొని, పక్షి తలక్రిందులుగా వ్రేలాడి చనిపోవచ్చు. కనుక వేటకు చీలిక లేని పట్టీలే వాడవలెను. మువ్వల సవ్వడి దగ్గరలోనే వినిపిస్తుంది; దూరానికి రేడియో పరికరం కడతారు. చీకటి పడితే కొమ్ముల గుడ్లగూబ డేగనే చంపవచ్చు. కరెంటు స్తంభాలూ ప్రమాదమే.

వేటకాలం ముగిసినాక పలువురు శిష్యులు డేగను బాగా మేపి, పట్టీలు తీసివేసి, వసంతంలో తిరిగి అడవికి వదులుతారు.