త్రాగుడు మానదలచినవారికి తోడు దొరకు చోటు

పంట బాగుగా పండిన యేట సైతము అప్పు తీరని యిండ్లు మన గ్రామములలో కొన్ని గలవు. వాన కురిసినది, ఎరువు అందినది, మక్కలకు ధర పలికినది. అయినను వాయిదా తప్పినది. కారణ మడిగినచో ఇల్లాలు తల వంచుకొనును. అక్కన్నపేట మండలమున పొలమునకు పట్టిన పురుగును గూర్చి నలుగురిలో మాటలాడుదురు గాని, ఇంటికి పట్టిన త్రాగుడును గూర్చి ఎవరును నోరు విప్పరు.

త్రాగుడు మానుడని బోధించుట మా యుద్దేశము కాదు. ఆ బోధ సభ్యులు చాలినంత వినియున్నారు. మానదలచినవాడు ఎవరి యొద్దకు పోవలయునో తెలుపుటయే యిచ్చట పని. 2019వ సంవత్సరమున ప్రకటింపబడిన జాతీయ పరిశీలన ననుసరించి, మన దేశమున మద్యము వలన కీడునొంది సహాయము కావలసినవారు సుమారు 5 కోట్ల 70 లక్షలు. మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో 38 మందికి ఒక్కడే ఏదో యొక చికిత్స పొందెనట.

మొదట నొక హెచ్చరిక. ఏండ్ల తరబడి ప్రతిదినము మిక్కిలిగా త్రాగినవాడు పౌరుషముతో ఒక్కనాట మానుట ప్రాణాపాయము. తొలిదినముననే చేతులు వణకును, చెమటలు పట్టును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతి తప్పి లేనివి కనబడవచ్చును. కల్లు విషయమునను ఇట్లే. 2015లో కల్తీకల్లుపై దాడులు జరిగి మత్తుమందు కలిసిన కల్లు హఠాత్తుగా నిలిచిపోగా, అనేకులు ఇట్టి బాధలతో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు చేరిరి. కావున మొదట హుస్నాబాదు ప్రభుత్వ వైద్యశాలకో, సిద్దిపేట పెద్ద ఆసుపత్రికో పోయి, ఎంత త్రాగుచున్నదియు దాచక చెప్పవలయును. కొందరు పెనిమిటికి తెలియకుండ కూరలో పొడి కలిపి పెట్టుదురు. అట్టి పొడిలో డైసల్ఫిరామ్ అను మందున్నచో, దానిమీద మద్యము పడినప్పుడు గుండెకే ముప్పు రాగలదు. ఇది ఎంతమాత్రము కూడదు.

శరీరము కుదుటపడిన పిమ్మటనే అసలు కష్టము మొదలగును. సాయంకాల మగును, కాళ్లు పాతదారిని పట్టును. అప్పుడు కావలసినది మందు కాదు, మనిషి. ఈ సంగతి 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున బయటపడినది. బిల్ విల్సన్ అను వాటాల వ్యాపారి పని చెడి, త్రాగవలయునను కోరిక తన్నుకొని వచ్చుచుండగా, మరియొక త్రాగుబోతును వెదకి మాటలాడెను. అతడు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. చెప్పినవానికిని విన్నవానికిని ఇరువురికిని మేలు కలిగెను. ఆ వైద్యుడు కడసారి త్రాగిన జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమునకు జన్మదినముగా నెంచుదురు. మన దేశమునకు అది 1957లో వచ్చినది.

ఆ కూటములలో రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. మానవలయునను కోరికయే సభ్యత్వము. ఒకడు తన కథ చెప్పును, తక్కినవారు అడ్డుపలుకక విందురు. దేవుని ప్రసక్తి వచ్చును గాని, ఎవరి దేవుడు వారివాడే. ఏ మతమువారికిని అభ్యంతరము లేదు. పరపతి సంఘమున ఎరిగిన మనకు ఇది క్రొత్త కాదు: ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక్కడే.

వెదకు విధము సులభము. 14446 అను అంకెకు టెలిఫోను చేసిన మత్తువిముక్తి కేంద్రముల వివరము చెప్పుదురు. 14416 మనోవ్యాధుల సలహాకు. రెండును ఉచితములే. మండలము పేరు చెప్పి, చేరువనున్న వైద్యుని గూర్చియు కూటమిని గూర్చియు వేరువేరుగా అడుగవలయును. హైదరాబాదు, సికింద్రాబాదులలో కూటములు జరుగుచున్నవి. పట్నము పోలేనివారికి చేతి టెలిఫోనులోనే జరుగు కూటములును గలవు. పొలము గట్టున కూర్చుండియు వినవచ్చును.

దాపున కూటమి లేదన్నచో? ఇద్దరు చాలును. చెన్నపట్టణమున శాంతి రంగనాథన్ గారు, భర్త త్రాగుడు వలన మరణింపగా, 1980లో స్థాపించిన సంస్థ మంజక్కుడి వంటి పల్లెలకే పోయి శిబిరములు నడిపినది. ఆసుపత్రికి రాలేనివాడు తన యూరిలోనే చికిత్స పొంది, తనవంటివారి నడుమ కూర్చుండెను. మన తండాలలోను ఇది సాధ్యమే యని మా నమ్మకము. పాఠశాల గది చాలును. వేళ మాత్రము కల్లుకాంపౌండుకు పోవు వేళయే కావలయును, ఉదయపు కూటమి వలన లాభము తక్కువ.

ఆడవారిని మరువరాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారు మొదలగు స్త్రీలు రేపిన యుద్యమము వలన 1993 అక్టోబరు 1న సారాయియు, 1995 జనవరి 16న మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలెను. దుకాణము మూయుట వేరు, ఒక్క మనిషి దాహము తీర్చుట వేరు. త్రాగువారి కుటుంబములకై 1951లో ఏర్పడిన అల్-అనాన్ అను సంఘము వేరుగా గలదు. పెనిమిటి మానకున్నను ఇల్లాలు అందు చేరవచ్చును.

దసరా నాడును, పెండ్లి విందులలోను క్రొత్తగా మానినవానిని ఒంటరిగా పంపరాదు. ధాన్యపు సొమ్ము బ్యాంకు ఖాతాలో పడు వారము అంతకంటె గడ్డుది. ఆ వారమున కూటమి ప్రతిదినము జరుపుటయు, బ్యాంకునకు పోవునపుడు ఒక తోటి సభ్యుడు వెంట నుండుటయు మంచిది.