బరువెక్కిన బాల్యం – బరువైన ఊపిరి

బొద్దుగా ఉన్న బిడ్డకు పొద్దు వాలగానే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసే ఇళ్ళు మనవి. పసివాని ఒంటి మీది మడతలు ఆరోగ్యానికీ, ఇంటి కలిమికీ గుర్తులని మన నమ్మకం. కరవు కాటకాలను చూసిన పెద్దలకు అటువంటి నమ్మకం కలగడం సహజమే. కాని ఆ బిడ్డే పదేళ్ళవాడై, మేడమెట్లు ఎక్కేసరికి ఆయాసపడుతూ, రాత్రివేళ పిల్లికూతలతో దగ్గుతూ ఉంటే మనం దుమ్మునూ చలిగాలినీ నిందిస్తాం. వాని బరువు మన తలపుకు రాదు.

అమెరికాలో 5 లక్షల మందికి పైగా పిల్లల వైద్య వివరాలను పరిశీలించిన పరిశోధకులు 2018లో ఫలితాలు ప్రకటించారు. తగిన బరువు గల పిల్లలకన్న స్థూలకాయులైన పిల్లలకు ఉబ్బసం వచ్చే అవకాశం సుమారు 30 శాతం హెచ్చుగా ఉన్నదని వారు తేల్చారు. లావుగా ఉన్న ప్రతి బిడ్డకూ ఉబ్బసం వస్తుందని దీని అర్థం కాదు. వంశపారంపర్యం, పొగ, దుమ్ము వంటి కారణాలకు బరువు కూడ తోడవుతుందన్నమాట.

ఎలా తోడవుతుంది? గాలి పీల్చినప్పుడు రొమ్ముకూ పొట్టకూ నడుమనున్న ఉదరవితానమనే కండరం కిందికి దిగాలి. పొట్టలో పేరుకున్న కొవ్వు దానిని అడ్డగిస్తుంది. ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోక చిన్న శ్వాసనాళాలు ఇరుకవుతాయి. అంతేకాక, వాపును కలిగించే కొన్ని పదార్థాలను కొవ్వు రక్తంలోకి విడుదల చేస్తుంది. ఉబ్బసానికి మూలం శ్వాసనాళాల వాపే కదా! స్థూలకాయులైన పిల్లలలో కొందరికి పీల్చే మందులు ఆశించినంత గుణమివ్వకపోవడమూ కద్దు.

ఇక్కడే విషవలయం మొదలవుతుంది. ఆయాసం వస్తుందని తల్లి బిడ్డను ఆటకు పంపదు. కూర్చున్న బిడ్డ మరింత బరువెక్కుతాడు. బరువెక్కిన కొద్దీ ఆయాసం పెరుగుతుంది.

అయితే లావుగా ఉన్న పిల్లల ఆయాసమంతా ఉబ్బసం కాదు. వ్యాయామం లేక దేహం అలవాటు తప్పినా రొప్పు వస్తుంది. ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష ఈ రెంటినీ వేరు చేయడానికి వైద్యునికి తోడ్పడుతుంది. ఉబ్బసమని తేలితే, బరువు తగ్గించే ప్రయత్నం సాగుతున్నదని మందు మానరాదు.

ఎదిగే బిడ్డను పస్తు పెట్టడం చికిత్స కాదు. తీపి పానీయాలూ, నూనెలో వేయించిన చిరుతిళ్ళూ ఇంటిల్లిపాదీ తగ్గించాలి. ఒక్క బిడ్డకే ఆంక్ష పెడితే అది శిక్ష అవుతుంది. ఉబ్బసం అదుపులో ఉన్నప్పుడు వైద్యుని సలహాతో ఆటలు ఆడించవచ్చు, ఆడించాలి కూడ.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మన దేశంలో అయిదేళ్ళలోపు పిల్లలలో అధిక బరువు గలవారు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అంకె చిన్నదే, కాని పెరుగుతున్నది. బిడ్డకు దిష్టి తీసే చేతులే వానిని మైదానానికి కూడ నడిపించాలి.