సన్నచక్రాల చిట్టి రేసుకారు

సైకిల్‌కార్ట్‌కు పేరులో సైకిల్ ఉంది గానీ తొక్కే పని లేదు. ఒక్క మనిషి పట్టే చిన్న పెట్రోలు బండి అది. ఫ్యాక్టరీలో కాదు, ఇంటి వెనక షెడ్డులో పుడుతుంది. పొడవాటి ముక్కు, తోలు పట్టీ బిగించిన బానెట్, ఒంటికి ఎడంగా నిలిచిన చువ్వల చక్రాలు, పడవ కొసలా సన్నబడే తోక. చూడగానే 1920, 30ల నాటి యూరప్ రేసుకార్లు గుర్తుకు రావాలి. 1990ల్లో దక్షిణ కాలిఫోర్నియాలో స్టీవెన్‌సన్ కుటుంబం, వారి మిత్రులు మొదలుపెట్టిన సరదా ఇది. తర్వాత అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టయెటన్ అనే చిన్న ఊళ్లో ‘గ్రాండ్ ప్రీ’ పేరుతో పోటీలు జరిగేదాకా వెళ్లింది.

ఈ బండికి పూర్వీకులు ఉన్నారు. 1910ల్లో యూరప్‌లో మోటారుసైకిలుకీ కారుకీ మధ్యరకంగా ‘సైకిల్‌కార్లు’ తిరిగేవి. 1922లో ఆస్టిన్ సెవెన్ అనే చవక కారు రావడంతో వాటి ఆట కట్టింది. 1956లో కాలిఫోర్నియాలోనే పుట్టిన గో-కార్ట్ మాత్రం దూరపు చుట్టం. దానివి బుల్లి, లావు చక్రాలు. దీనివి ఎత్తైన, సన్నని చక్రాలు. తేడా అంతా అక్కడే ఉంది.

కట్టేవాళ్లు పాటించే కొలతలు చట్టం కాదు, మర్యాద లాంటివి: 17 అంగుళాల మోటారుసైకిల్ చక్రాలు, ఎడమ కుడి చక్రాల మధ్య 36 అంగుళాలు, ముందు వెనక ఇరుసుల మధ్య 66 అంగుళాలు, సుమారు ఆరున్నర హార్స్‌పవర్ ఇంజిన్, 110 కిలోలకు కాస్త అటూ ఇటూ బరువు. సన్న టైరు నేలను గట్టిగా పట్టదు, కాబట్టి మలుపులో బండి జారుతుంది. తక్కువ వేగంలోనే ఆ జారుడు సరదా దొరకాలన్నది ఉద్దేశం. లావు టైర్లు వేస్తే పట్టు పెరుగుతుంది గానీ సైకిల్‌కార్ట్ అన్న మాటకు అర్థం పోతుంది.

అసలు చిక్కు కూడా ఆ చక్రంతోనే. మోటారుసైకిల్ మలుపులో వాలుతుంది, దాని చక్రం మీద పక్క బరువు పెద్దగా పడదు. నాలుగు చక్రాల బండి వాలదు, పక్కతోపు మొత్తం చువ్వల మీదికి వస్తుంది. పైగా మోటారుసైకిల్లో ఇరుసుకు రెండువైపులా ఆసరా ఉంటుంది, ఇక్కడ ఒక్కవైపే. అందుకే పాత సన్న ఇరుసును అలాగే వాడితే వంగుతుంది. హబ్బును లేత్ మీద పెద్దది చేసి, లావు ఇరుసు, దానికి తగిన బేరింగులు వేసుకోవాలి. మొదటి కొన్ని పరుగుల తర్వాత ప్రతి చువ్వనూ స్పానరుతో తట్టి చూడాలి. బిగుతుగా ఉన్నది ఖణేల్‌మంటుంది, వదులైనది మొద్దుగా మోగుతుంది. సైకిల్ షాపులో బెండు తీసేవాడికి ఈ విద్య పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది.

చట్రానికి దీర్ఘచతురస్రపు ఇనుప గొట్టాలు నిచ్చెనలా వెల్డింగ్ చేస్తే సరిపోతుంది. ముందు ఇరుసు కింద కమాన్ పట్టీలు పెడితే పాతకాలపు చూపు వస్తుంది, కుదుపులూ కొంత తగ్గుతాయి. వెనక చాలామంది స్ప్రింగు లేకుండానే వదిలేస్తారు.

స్టీరింగ్ దగ్గర మాత్రం తొందరపడకూడదు. మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలో, బయటిది పెద్ద వలయంలో తిరుగుతాయి. పైన చెప్పిన కొలతల బండిలో లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగితే బయటిది 24 డిగ్రీల దగ్గర ఆగాలి. గుర్రపుబగ్గీల కోసం 1818లో లండన్‌లో రుడాల్ఫ్ అకర్‌మన్ పేరిట పేటెంటు పొందిన పద్ధతి ఇదే. దీన్ని సరిచూసుకోవడానికి నూలుతాడు చాలు. ముందు చక్రం పక్కకు తిరిగే కీలుకడ్డీ, అంటే కింగ్‌పిన్ దగ్గర కొస కట్టి, స్టీరింగ్ కడ్డీ కీలు మీదుగా వెనక్కి లాగితే అది వెనక ఇరుసు నడుమకు చేరాలి. కింగ్‌పిన్ పైకొస కొంచెం వెనక్కి వాలి ఉండాలి. అప్పుడే మలుపు దాటాక చక్రాలు వాటంతటవే తిన్నగా అవుతాయి.

ఇంజిన్లలో ఎక్కువగా కనిపించేది 196 సీసీల హోండా జీఎక్స్200 లేదా దాని నకలు. తెలుగు పల్లెల్లో పొలాల గట్ల మీద నీళ్లు తోడే పెట్రోలు పంపులది ఇదే జాతి. గేర్లకు బదులు స్కూటీలో ఉన్నట్టు బెల్టు పద్ధతి వాడితే నడపడం సులువు. అక్కడి నుంచి చైను. బెల్టు నిష్పత్తి ఒకటికి ఒకటి అనుకుంటే వేగాన్ని కాగితం మీదే లెక్కకట్టవచ్చు. ఇంజిన్ నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుంది. ముందు 10 పళ్లు, వెనక 60 పళ్లు ఉంటే చక్రం 600 చుట్లు తిరుగుతుంది. టైరుతో కలిపి చక్రం ఎత్తు 22 అంగుళాలు, ఒక చుట్టుకు 175 సెంటీమీటర్లు. అంటే గంటకు 63 కిలోమీటర్లు. నేలకు జానెడెత్తున కూర్చున్నవాడికి అది నూటికి పైగా అనిపిస్తుంది. వేగం చాలలేదని ఇంజిన్ చుట్లను అదుపులో ఉంచే గవర్నరును తీసేయడం తెలివితక్కువ పని, ఫ్లైవీలో కనెక్టింగ్ రాడ్డో పగిలితే ముక్కలు వచ్చేది సీటు వైపే.

రెండు వెనక చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే బండి మలుపు తిరగనని మొండికేసి నేరుగా పోతుంది. అందుకే చాలామంది ఒక్క చక్రానికే శక్తినిచ్చి రెండోదాన్ని బేరింగు మీద వదిలేస్తారు. అలాంటి బండికి బ్రేకు కూడా ఆ ఇరుసు మీదే పెడితే ఆపేదీ ఒక్క చక్రాన్నే, బండి పక్కకు లాగుతుంది. రెండో చక్రానికీ బ్రేకు ఉండి తీరాలి.

బండి ఒంటిని కట్టేముందు మనిషిని సీటులో కూర్చోబెట్టి, చుట్టూ అట్టలు కత్తిరించి నిలబెట్టడం మేలు. 1924లో లియాన్ పందెంలో తొలిసారి కనిపించిన బుగాటీ టైప్ 35ను అనుకరిస్తే గుర్రపునాడా రేడియేటరు ఎవరైనా చేస్తారు. కుదరనిది నిష్పత్తి. నడిపేవాడు ఎత్తుగా కూర్చుంటే ఎంత అందమైన బండయినా తిరునాళ్ల బొమ్మకారులా తేలిపోతుంది. సీటు దించాలి, డాష్‌బోర్డు ముందున్న మూపు పెంచాలి. ప్లైవుడ్ అడ్డుపలకల మీద పలచని అల్యూమినియం రేకు వంచి రివెట్లు కొడితే పని ముగుస్తుంది, గుడ్డ పరిచి రంగు వేసేవాళ్లూ ఉన్నారు.

బండి కదలడంతో సగం పనే అయినట్టు. ఆ తర్వాత నెలల తరబడి సాగేది మెరుగు దిద్దడం. చైను ఊడుతుంటే ఇరుసు వంగుతోందో, పళ్లచక్రాలు ఒకే గీతలో లేవో చూడాలి. ఒక్క సిలిండరు అదురుకు నట్లు వదులవుతాయి, నైలాన్ పట్టున్న నట్లు వాడాలి. గతుకు మీద స్టీరింగ్ దానంతటదే తిరిగితే కడ్డీ పొడవూ కోణమూ మార్చాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చి నడిపి చూసేవాడు త్వరగా గట్టెక్కుతాడు.

మన దేశంలో దీన్ని రోడ్డెక్కించడానికి వీల్లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 126వ నిబంధన ప్రకారం ప్రతి మోడల్ నమూనా గుర్తింపు పొందిన పరీక్షాసంస్థలో నెగ్గాలి. ఇంటి బండికి ఆ ధ్రువపత్రమూ, నంబరు ప్లేటూ రావు. సొంత తోటలోనో అనుమతి ఉన్న ట్రాక్‌లోనో హెల్మెట్ పెట్టుకుని నడుపుకోవాలి.