ఏరి పారేసిన బీడీలే సాక్ష్యం చెప్పాయి

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెల్లో పొద్దుటి వంటపని ముగియగానే ఆడవారి ఒడిలోకి చాట వస్తుంది. తడిపిన తునికాకును కొలతరేకు పెట్టి కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి దారం కడతారు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. కూలి మాత్రం వెయ్యి లెక్కన. సాయంత్రం కార్ఖానాకు తీసుకుపోతే అక్కడి గుమాస్తా కట్టలు చూసి, ఇది లావు, ఇది వదులు, దీని ఆకు చిరిగింది అంటూ కొన్నింటిని ఏరి పక్కన పడేస్తాడు. వీటినే 'ఛాట్' అంటారు. వాటికి కూలి కట్టరు. చాలాచోట్ల ఆ బీడీలు తిరిగి ఇవ్వరు కూడా.

బీడీ కార్మికురాలికి కడుపు మండించేది ఈ ఛాటే. అయితే ఆమెకు ప్రావిడెంట్ ఫండు హక్కు తెచ్చిపెట్టిన వాదన కూడా దీనిలోనుంచే పుట్టిందన్న సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు.

బీడీ, చుట్ట కార్మికుల కోసం పార్లమెంటు 1966లో ప్రత్యేక చట్టం చేసింది. కార్ఖానాలో కూర్చుని పని చేసేవారితో పాటు ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా ఆ చట్టం కార్మికులుగానే లెక్కించింది. ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు, ప్రసూతి సహాయం, ఆరు నెలలు పని చేసినవారిని సరైన కారణం చూపక, నెల రోజుల నోటీసు ఇవ్వక తొలగించకూడదన్న నియమం అందులో ఉండేవి. ఆకు, తంబాకు ఇవ్వడంలోనూ, బీడీలు తీసేయడంలోనూ తగాదా వస్తే అధికారి వద్ద తేల్చుకునే వీలు కూడా కల్పించారు. యజమానులు ఈ చట్టంపై కోర్టుకు ఎక్కారు. 1974లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది.

అసలు పోరు ఆ తర్వాత వచ్చింది. 1977 మే నెలలో కేంద్ర ప్రభుత్వం బీడీ పరిశ్రమను ప్రావిడెంట్ ఫండు చట్టం కిందికి తెచ్చింది. కార్ఖానాలో కూర్చునేవారి మాట సరే, ఇళ్లలో చుట్టేవారు మా పనివారే కాదని యజమానులు వాదించారు. ఆమె ఏ వేళకు కూర్చుంటుందో, ఏ వేళకు లేస్తుందో మాకు తెలియదన్నారు. ఆమె చుట్టిందో, ఇంట్లో మరొకరు చుట్టారో చూసేవారు లేరన్నారు. నడుమ కాంట్రాక్టరు ఉన్నాడన్నారు. అజమాయిషీ లేనిచోట యజమాని ఎక్కడ, నౌకరు ఎక్కడ అన్నది వారి ప్రశ్న.

వాదన పైకి బాగానే ఉన్నది. కానీ రోజూ సాయంత్రం కట్ట విప్పి చూసి, మంచివి తీసుకుని, నచ్చనివి పారేసేది ఎవరు? 1985లో సుప్రీంకోర్టు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నది. బీడీ చుట్టడం పక్కన నిలబడి నేర్పవలసినంత పని కాదు, తయారైన సరుకును పరీక్షించి తీసేసే హక్కు యజమాని చేతిలో ఉన్నదంటే అదే అజమాయిషీ అని తేల్చింది. ఇంట్లో కూర్చుని చుట్టినా ఆమె ఉద్యోగియేనని, ఆమెకు పి.ఎఫ్. వర్తిస్తుందని తీర్పు వచ్చింది.

ఈ తర్కానికి దారి వేసినది కూడా మన ప్రాంతపు కేసే కావడం విశేషం. తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద దర్జీ దుకాణాలకు, తనిఖీ అధికారులకు నడుమ వచ్చిన తగాదాలో 1973లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బట్టకు ఇంత అని కూలి తీసుకున్నా, పని ఉన్ననాడే వచ్చినా, కుట్టు బాగోలేకపోతే మళ్ళీ కుట్టమనే అధికారం యజమానికి ఉన్నది కనుక వారు పనివారేనని అన్నది. దర్జీల తీర్పు పన్నెండేళ్ల తర్వాత బీడీ చుట్టేవారికి ఆసరా అయింది.

బీడీ పరిశ్రమలో పి.ఎఫ్. వాటా నూటికి 10. కార్మికురాలి కూలి నుంచి 10 పోతే, యజమాని తన జేబు నుంచి మరొక 10 కట్టాలి. యజమాని వాటాను కూడా కూలిలోనే కోయడం నేరం. అయినా రెండు వాటాలూ ఆమె నుంచే రాబట్టే కమీషన్‌దార్ల మీద ఫిర్యాదులు కొత్తవి కావు. పి.ఎఫ్. కట్టి పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు పింఛను వస్తుంది. 2014 సెప్టెంబరు నుంచి దాని కనీస మొత్తం నెలకు 1,000 రూపాయలు.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి రావడంతో 1966 నాటి బీడీ చట్టంతో సహా 29 చట్టాలు వాటిలో కలిసిపోయాయి. పి.ఎఫ్., ప్రసూతి సహాయం, గ్రాట్యుటీ ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి. సంక్షేమ నిధి కోసం బీడీలపై వసూలు చేసిన సెస్సు అంతకుముందే, 2017 జూలైలో జి.ఎస్.టి. రాకతో పోయింది. చట్టాల పేర్లు ఎన్ని మారినా పల్లెలో చిక్కు మాత్రం ఒక్కటే: పుస్తకంలో పేరు.

అత్త పేరున కార్డు ఉంటుంది, చుట్టేది కోడలు. అత్తకు వయసు నిండి పి.ఎఫ్. సొమ్ము తీసుకున్న తర్వాత చూస్తే, పదిహేనేళ్లుగా వేళ్లు అరగదీసుకున్న కోడలి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. మరికొన్ని చోట్ల పేరు ఎక్కించడానికే కమీషన్‌దారు ఏళ్ల తరబడి జాప్యం చేస్తాడు. పేరు ఉన్నా ఇంటిపేరులో ఒక అక్షరం, పుట్టిన తేదీలో ఒక సంవత్సరం ఆధార్‌తో సరిపోక సొమ్ము నిలిచిపోతుంది. పెళ్లికి ముందు పుట్టింటి పేరున మొదలైన ఖాతాలకు ఈ బెడద ఎక్కువ.

ఇది చిన్న సంగతి కాదు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి ప్రారంభించింది. 2019లో దానిని 2,016 రూపాయలకు పెంచింది. ఎవరు బీడీ కార్మికులో తేల్చడానికి చూసినది పి.ఎఫ్. ఖాతానే. 2014 ఫిబ్రవరి నాటికి ఖాతా ఉండాలన్న షరతు పెట్టడంతో, ఒకే అరుగు మీద పక్కపక్కన కూర్చుని చుట్టిన ఇద్దరిలో ఒకరికి భృతి వచ్చింది, ఒకరికి రాలేదు.

కనుక బీడీలు అప్పగించిన ప్రతిసారీ తన పేరున ఉన్న పుస్తకంలో ఎన్ని వేలు ఇచ్చినదీ, ఎన్ని తీసేసినదీ రాయించుకోవాలి. చదువు రాకపోతే బడికి పోయే పిల్లల చేత చూపించుకోవాలి. పేరు, పుట్టిన తేదీ తప్పులుంటే 58 ఏళ్లు వచ్చేదాకా ఆగకుండా కార్ఖానా ద్వారా ఇప్పుడే సరిచేయించుకోవడం మేలు. కార్ఖానా కదలకపోతే నిజామాబాద్‌లోని పి.ఎఫ్. కార్యాలయంలో అర్జీ ఇవ్వవచ్చు. కార్డు ఒకరిది, చేయి ఒకరిది అయిన ఇళ్లలో ఆ చేయి గల మనిషి పేరు ఎక్కించమని ముందుగా అడగవలసినది కమీషన్‌దారునే. ఆమె చుట్టిన బీడీలను రోజూ ఏరి చూస్తున్నది అతని కార్ఖానాయే కదా.